ప్రాణబుర్ర

అజుపోక కుట్టు వేసిందంటే ఆ సొరబుర్ర మళ్ళీ కారదని చుట్టుపక్కల నాలుగూళ్ళవాళ్ళూ ఒప్పుకునేవారు. పగిలిన బుర్ర తెచ్చినవాళ్ళను చూసి ముందు మొహం చిట్లించేది, ఎవరు పడేశారని నిలదీసేది. అదంతా పైపైకే. తర్వాత ఒళ్ళో పెట్టుకుని, పగులుకు అటూ ఇటూ కాల్చిన మేకుతో సన్నటి బెజ్జాలు పొడిచి, నానబెట్టిన తోలుదారం దూర్చి బిగించేది. ముడి ఎప్పుడూ లోపలివైపే వేసేది. మిగతా ఆడవాళ్ళు పని సులువని బయట వేస్తారు. బయట వేసిన ముడి ఒరుసుకుని తెగిపోతుందని ఆమెకు నేర్పింది అత్త అలామిసి. కాపురానికి వచ్చిన కొత్తలో నాలుగు మొట్టికాయలు వేసి మరీ నేర్పింది.

ఆ ఇంట్లో బుర్ర లేకుండా జరిగే పని ఒక్కటీ లేదు. పుట్టిన బిడ్డకు నీళ్ళు పోసేది బుర్రతోనే. పసిపిల్లల కడుపు కడగడానికి మెడ పొడుగున్న బుర్ర, మందుపొడికి పిడికెడంత బుర్ర, పిండికి పెద్ద బుర్ర. జొన్నకల్లు తాగే చిప్ప వేరు, చనిపోయిన పెద్దలకు పిండినీళ్ళు పోసే చిప్ప వేరు. ఏరు దాటేవాళ్ళు గుండ్రటి బుర్రలు రెండు చంకల కింద కట్టుకుని ఈదుతారు. పండగకు మోగేదీ బుర్రే, చావుకు మోగేదీ బుర్రే. పూర్వం మనుషుల్ని పట్టుకుపోయి అమ్ముకునే గుర్రాలవాళ్ళు ఊరిమీద పడ్డప్పుడు, అలామిసి అమ్మమ్మను ఆమె తల్లి ఒక పెద్ద బుర్ర కింద బోర్లించి పరిగెత్తిందట. పిల్ల ఒక పగలంతా కిక్కురుమనకుండా దాని కింద పడుకుని బతికింది. తల్లి తిరిగి రాలేదు. ఈ సంగతి అలామిసి ఎవరు విన్నా వినకపోయినా చెప్పేది.

అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇంటి పెద్దావిడ లోపలి గదిలో, కప్పునుంచి వేలాడే ఉట్టిలో ఉంటాయి. ఒకదానిమీద ఒకటి పేర్చిన బుర్రల్లో అట్టడుగున కొలబుర్ర ఉంటుంది. గాదెలో సజ్జలు ఏరోజుకారోజు దానితోనే కొలిచి తియ్యాలి, దాన్ని ఉట్టి గలావిడ తప్ప ఇంకో చెయ్యి దించకూడదు. అన్నిటికన్నా పైన, మూతవేసిన చిన్న బుర్ర ఉంటుంది. అది ప్రాణబుర్ర. అందులో ఆ ఆడమనిషి ప్రాణం ఉంటుంది. ఆమె చనిపోయాక దాన్ని గడపమీద పగలగొడతారు, అప్పుడే చావు పూర్తయినట్టు. పగలకపోతే చచ్చినా చావు లేదు. కోడళ్ళకు కూడా తలా ఒక ప్రాణబుర్ర ఉంటుంది, ఎవరి గదిలో వాళ్ళది.

ఆ ఏడు వానలు ముదిరిన నెలలో అలామిసి ఏటి అవతల ఉన్న చెల్లెలికి జబ్బుగా ఉందని వెళ్ళింది. నాలుగు రోజుల్లో వస్తానని, నాలుగు రోజులకు సరిపడా సజ్జలు కొలిచి బయట పెట్టి, కొలబుర్ర ఉట్టిలో పెట్టి వెళ్ళింది. తాగడానికి తన చిప్ప వెంట తీసుకుంది. ఏడాది కిందట పగిలితే అజుపోక ఏడు కుట్లు వేసి ఇచ్చిన చిప్ప అది. ఆమె బయలుదేరిన రోజే ఏట్లో పడవ తిరగబడింది. పడవలో ఉన్నవాళ్ళలో ఒడ్డుకు చేరినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురిలో అలామిసి లేదు.

నాలుగు రోజులు పదయ్యాయి, పది ఇరవయ్యాయి. ఏరు పొంగి, అవతలికి వెళ్ళి కనుక్కునే దారి లేకపోయింది. అవి అసలే ఆకలి నెలలు, కొత్త పంట చేతికి రావడానికి ఇంకా నలభై రోజులుంది. గాదెలో సజ్జలున్నాయి. కానీ కొలబుర్ర దించే చెయ్యి లేదు. ఇంటిపెద్ద అకోల్బిరే అలామిసికి మరిది. ఆమె బతికుందో పోయిందో తేలేవరకు ఉట్టి ముట్టడానికి వీల్లేదని, తాతలనాటి గాదెలో దొంగచెయ్యి పెడితే వచ్చే ఏడు గింజ నిలవదని అన్నాడు. చెడ్డవాడు కాదు. తనూ అందరితోపాటు ఉడకబెట్టిన ఆకులే తిన్నాడు. అజుపోక మొగుడు అటుబిగ బాబాయి మాటకు తలూపాడు. అతను ఏ మాటకైనా తలే ఊపుతాడు. అజుపోకకు ముగ్గురు పిల్లలు. చిన్నది అటాని, నాలుగేళ్ళది. ఇరవయ్యో రోజుకు దాని కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయేది. అజుపోక రోజుకు పదిసార్లు నొక్కి చూసుకునేది.

అప్పుడు దిగువన చేపలు పట్టేవాళ్ళు ఒక చిప్ప తెచ్చారు. నీళ్ళలో వేసిన చేపబుట్టలకు చిక్కుకుందట. ఏడు కుట్లున్నాయి. ఇది మీ పెద్దావిడదేనా అని అడిగారు. అకోల్బిరే దాన్ని తెచ్చి అజుపోక చేతిలో పెట్టి, నీ చేతి కుట్టు నీకు తెలియాలి కదా, చెప్పమన్నాడు. లోగిలిలో అందరూ చుట్టూ నిలబడ్డారు.

అజుపోక దాన్ని ఒకసారి తిప్పి చూసింది. ముడి బయట ఉంది.

అంతకుమించి చూడాల్సింది లేదు. అది ఎవరో ఇంకో ఇల్లాలిది, ఇంకెవరో కుట్టింది. ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా. ఎదురుగా అరుగుమీద అటాని గోడకు చేరగిలబడి ఈగల్ని కూడా తోలుకోకుండా కూర్చునుంది. అజుపోక ముడి మీద బొటనవేలు ఉంచి చిప్పను ఒడిలోకి తీసుకుంది.

“నా కుట్టే మామా. అత్తదే.”

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె మనసులో పిల్ల ఒక్కతే లేదు. పన్నెండేళ్ళ మొట్టికాయలూ ఉన్నాయి. లోపలి గదీ, ఉట్టీ కూడా ఉన్నాయి. కానీ అవి తర్వాత తర్వాత గుర్తొచ్చాయి, ముందు గుర్తొచ్చింది పిల్ల కాళ్ళే. ఏట్లో పడి తిరిగిరానివాళ్ళు పోయినట్టే కదా, నేను చెప్పినా చెప్పకపోయినా ఆమె పోయిందే కదా అని తనకు తను సర్దిచెప్పుకుంది. అందరూ అలాగే అనుకున్నారు కూడా.

మూడో రోజున చావు చేశారు. శవం లేదు గనక ఆ చిప్పనే పాతిపెట్టారు. పెద్దకోడలిగా అజుపోకే లోపలికి వెళ్ళి ఉట్టి దించి, అలామిసి ప్రాణబుర్ర గడపమీద పెట్టి, మడమతో తొక్కింది. ఎండిన ఆకు నలిగినంత చప్పుడే వచ్చింది. ఆ సాయంత్రమే కొలబుర్రతో సజ్జలు తీసి సంకటి వండింది. అటాని తిని కక్కుకుని, మళ్ళీ తింది. నెల తిరిగేసరికి దాని కాళ్ళు మామూలయ్యాయి. ఆ నెలంతా అజుపోకకు కంటినిండా నిద్ర పట్టింది. ఇది రాయడానికి నాకేమీ సంతోషంగా లేదు, కానీ పట్టింది.

పంటలు కోసి, బుర్రలు తీగలమీద ఎండి, ఎడారి గాలి మొదలైన రోజుల్లో, ఒక పొద్దున అలామిసి కర్ర పోటు వేసుకుంటూ పొలంగట్టు మీద నడిచొచ్చింది.

జరిగింది చాలా చిన్న సంగతి. రేవుకు ఆలస్యంగా చేరింది, అప్పటికే పడవ వెళ్ళిపోయింది. మర్నాడు పైరేవులో బుర్రలు కట్టుకుని ఈదేవాళ్ళు ఆమెను దాటించారు. ఒడ్డెక్కేటప్పుడు జారి తుంటి విరిగింది. అక్కడే మంచాన పడింది, చెల్లెలు ఆమె కళ్ళముందే పోయింది. కబురు పంపింది. ఆ కబురు తెచ్చినవాడు ఎక్కడ తాగి పడిపోయాడో, అది ఇంటికి చేరలేదు. లేవగలిగిన రోజున లేచి, రెండు రోజులు నడిచి తన ఇంటికి తను వచ్చింది.

ముందు చూసింది అజుపోక తోడికోడలు లరిబా. నెత్తిమీది కట్టెలమోపు కింద పడేసి లోపలికి పరిగెత్తింది. మగవాళ్ళు వాకిలికి అడ్డంగా కట్టె పెట్టారు. పిల్లల్ని గదుల్లో పెట్టి తలుపుచాపలు దించారు. అలామిసి వాకిలి బయట, మగవాళ్ళు మధ్యాహ్నాలు పడుకునే పందిరి కింద చతికిలబడి, ఇదేం చోద్యమని అందర్నీ పేరుపేరునా పిలిచింది. ఎవరూ పలకలేదు. ప్రాణబుర్ర పగిలిన మనిషి పిలిస్తే పలకకూడదు.

అకోల్బిరే అప్పటికప్పుడు సోదె చెప్పేవాడి దగ్గరికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. అతను చెప్పింది అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. బుర్ర పగిలింది కాబట్టి బయట కూర్చున్నది మనిషి కాదు. అయితే, దాన్ని పగలగొట్టించిన మాట అబద్ధమైతే మాత్రం పగిలినది పగిలినట్టు కాదు. ఆ మాట అన్నవాళ్ళే అది అబద్ధమని ఒప్పుకోవాలి, అప్పుడు కొత్త బుర్ర కట్టి ఆమెను లోపలికి తీసుకోవచ్చు. ఒప్పుకున్నవాళ్ళు ఆ పూటే ఆ ఇల్లు విడిచి వెళ్ళాలి, మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. అంతా చెప్పి అకోల్బిరే అజుపోక వైపు తిరిగాడు.

“నీ కుట్టేనా తల్లీ అది? ఇంకోసారి చెప్పు. నాకు నీమీద అనుమానం లేదు, అడగాల్సిన బాధ్యత నాది.”

వెళ్ళిపోవడమంటే పిల్లల్ని వదిలిపోవడమే. పిల్లలు తండ్రి ఇంటివాళ్ళు, ఆ ఊళ్ళో దానికి రెండో మాట లేదు.

“నా కుట్టే,” అంది అజుపోక.

ఇక నీళ్ళ సంగతి తేలాలి. గాలి పెదవులు చీల్చేస్తోంది, ముసలిది రెండు రోజులు నడిచొచ్చింది. బుర్రలో నీళ్ళిస్తే బతికినదానికి ఇచ్చినట్టు. పెద్దల చిప్పలో ఇస్తే చచ్చినదానికి పూజ చేసినట్టు. ఆమె రెండూ కాదు. ఎటూ పోనిదాన్ని ఎటో ఒకవైపు తేల్చినట్టవుతుందని అకోల్బిరే చాలాసేపు ఆలోచించాడు. చివరికి అటుబిగ ఆ ఏడే బోల్గా పట్నం సంతలో కొన్న ప్లాస్టిక్ గ్లాసు గుర్తొచ్చింది. నీలం రంగుది. దానికి తాతలు తెలియదు, ఏ ఆచారమూ అంటదు. లరిబా దానినిండా నీళ్ళు పోసి, మొహం పక్కకు తిప్పుకుని, పందిరి గుంజ దగ్గర పెట్టి వచ్చింది.

అలామిసి గ్లాసు వైపు చూసింది. కొంగుమూట విప్పి తన చిప్ప తీసి పక్కన పెట్టుకుంది. నా ఇంట్లో నాకు బుర్రలో నీళ్ళిచ్చే కోడలు లేదా అని కేకేసింది. ఎవరూ రాలేదు. పందిరి పక్కనే కుండ ఉంది, లేచి ముంచుకోవచ్చు. కానీ బయటినుంచి వచ్చిన మనిషికి ఇంట్లోవాళ్ళు చేత్తో ఇవ్వాలి, ఇస్తేనే వచ్చినట్టు. తనంతట తను ముంచుకుంటే దారినపోయేదే అవుతుంది. ఆమె గ్లాసు ముట్టలేదు, కుండ దగ్గరికీ పోలేదు. మొండితనం అంటే అలామిసిదే. ఆ మొండితనం వల్లే ఆ ఇల్లు నిలబడిందని కూడా అనేవారు.

రెండో రోజు మధ్యాహ్నం మగవాళ్ళు పొలం వైపు వెళ్ళినప్పుడు అజుపోక చీపురు పట్టుకుని వాకిలి దాటింది. ఊడుస్తున్నట్టు ఊడుస్తూ పందిరి దాకా వెళ్ళింది. ముసలిదాని పెదవులు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. గ్లాసులో నీళ్ళమీద దుమ్ము తెట్టు కట్టింది. అలామిసి ఆమెను గుర్తుపట్టి, మాట్లాడకుండా తన చిప్పను అందించింది. అజుపోక తీసుకోలేదు. తీసుకోకపోయినా కనిపిస్తూనే ఉంది, ఏడు కుట్లు, ఏడు ముళ్ళూ లోపలికి.

“ఏట్లో చిప్ప దొరికిందని లోపల అనుకుంటుంటే విన్నాను. దానికి ముడి ఎటుందే?”

చచ్చినదానితో మాట్లాడకూడదు. అజుపోక చీపురు కింద పెట్టి కూర్చుంది.

“బయటికుంది అత్తా.”

“చూసే చెప్పావా?”

“చూసే చెప్పాను. చిన్నదాని కాళ్ళు వాచిపోయాయి. గాదెలో గింజలున్నాయి, నీ కొలబుర్ర దించేవాళ్ళు లేరు. నువ్వు ఎలాగూ పోయావనుకున్నాను.”

అలామిసి చిప్పను తిరిగి ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందని అజుపోక ఎదురుచూసింది, తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“పిల్ల ఎలా ఉంది?”

“బాగుంది. ఉరుకుతోంది.”

“సరే. నేనైనా అంతే చేసేదాన్నని అనిపించుకుందామని కూర్చున్నావేమో. నేను చెయ్యను. దాన్ని తీసుకుపోయి ఎవరింట్లోనో కూలికైనా పెట్టేదాన్ని గానీ, నిన్ను చంపేదాన్ని కాదు.” ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “వెళ్ళి మీ మామకు చెప్పు. నాకు దాహంగా ఉందే.”

అజుపోక లేచి లోపలికి వచ్చింది. చెప్పాలనే వచ్చింది. అటాని ఎదురొచ్చి కాళ్ళు చుట్టేసుకుంది. సంకటి ఎప్పుడు పెడతావని అడిగింది. ముందు దీనికి పెట్టి చెప్తాననుకుంది. పెట్టాక, మొగుడు తిని రానీ అనుకుంది. అతను వచ్చాక, పొద్దున్నే చెప్తాననుకుంది, పొద్దున చెప్తే కనీసం ఈ ఒక్క రాత్రి పిల్లల పక్కన పడుకోవచ్చు కదా. ఆ ఒక్క రాత్రి కోసమే. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు, వెతికినా దొరకదు.

తెల్లవారగానే ఉట్టిలోంచి మంచి చిప్ప ఒకటి దించి, కుండలో ముంచి, సజ్జపిండి ఇంత కలిపింది. అందరూ చూస్తుండగానే వాకిలి కట్టె దాటి, నా మాట అబద్ధమని గట్టిగా అంటూ పందిరి కిందికి నడిచింది. ఎక్కడికి తీసుకెళ్తున్నావని లరిబా వెనకనుంచి అరిచింది. అలామిసి గుంజకు ఆనుకునే ఉంది, చిప్ప ఒళ్ళో బోర్లించుకుని. అజుపోక మోకాళ్ళమీద కూర్చుని చిప్ప ఆమె పెదవులకు ఆనించింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి రొమ్ముమీద పడ్డాయి. ఇంకోసారి ఆనించింది. అప్పుడు కళ్ళు చూసింది.

అకోల్బిరే వచ్చి నిలబడ్డాడు. అజుపోక అంతా చెప్పేసింది. ముడి సంగతి, పిల్ల సంగతి, నిన్నటి మాటలు. దాచుకున్నది ఏమీ మిగల్చలేదు. అటుబిగ తల ఊపలేదు, మొదటిసారి. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ముసలాయన అలామిసి చిప్పను చేతిలోకి తీసుకుని ఏడు ముళ్ళూ ఒక్కొక్కటే తడిమి చూశాడు.

“నిన్న చెప్పుంటే కొత్త బుర్ర కట్టేవాళ్ళం తల్లీ. చచ్చినదానికి కొత్త బుర్ర కట్టరు. ఇప్పుడు ఈమె చావుకు దేన్ని పగలగొట్టమంటావు?”

పగలగొట్టడానికి ఏమీ లేకపోతే చావు లేదు. బుర్రడప్పు మోగదు. దారిన పోయి పడిపోయిన అనామకుల్ని పాతినట్టు ఊరి హద్దు అవతల పాతిపెట్టాలి, తర్వాత ఆమె పేరు ఎవరూ ఎత్తకూడదు. పెద్దలకు పోసే పిండినీళ్ళలో ఆమె వంతు ఎప్పటికీ ఉండదు. ముప్పయ్యేళ్ళు ఆ ఇంటికి గింజలు కొలిచి పెట్టిన మనిషి. మగవాళ్ళు గడ్డపారలు తేవడానికి కదిలారు.

అజుపోక లేచి లోపలికి వెళ్ళింది. తన గదిలో, తన చిన్న ఉట్టి దించింది. దానిలో బుర్రలు నాలుగే, అన్నిటికన్నా పైనున్న తన ప్రాణబుర్రను చేతిలోకి తీసుకుంది. పెళ్ళయిన ఏడాది అలామిసే తన తీగనుంచి కోసి, ఎండబెట్టి, మూతకు తోలు కట్టి ఇచ్చింది. ఒక ఇంట్లో అత్త కట్టిన బుర్ర అత్త పేరున పగలడానికి అడ్డేముందని అజుపోక అనుకుంది. ఎవరినీ అడగలేదు. బయటికి తెచ్చి గడపమీద పెట్టింది.

“ఇది అలామిసిది,” అంది. మడమతో తొక్కింది.

ఎవరూ ఆపలేదు, ఆపేంత సేపు కూడా పట్టలేదు. అకోల్బిరే ముక్కలవైపు చూశాడు, పందిరి కింద శవంవైపు చూశాడు. అంతకుముందు అలా ఎవరైనా చేశారో లేదో అతనికీ తెలిసుండదు. కొంచెంసేపటికి బుర్రడప్పు తెమ్మన్నాడు. బోర్లించిన పెద్ద బుర్రమీద చేతులు పడ్డాయి. ఆడవాళ్ళు వదిన అనీ, అత్త అనీ, అమ్మ అనీ ఏడుపు అందుకున్నారు. అలామిసిని ఇంటి గోడపక్కనే, ఆమె మొగుడి పక్కనే పాతారు. ఆమె చావు పూర్తయింది.

ఆ పని ముగిసేవరకు అజుపోక గడప దగ్గరే నిలబడింది. ఎవరూ ఆమెను తాకలేదు, తిట్టలేదు. పక్కనుంచి పోయేవాళ్ళు గుంజ ఉన్నచోట తప్పుకున్నట్టు తప్పుకుని పోయారు. లరిబా అని పిలిచింది. లరిబా వినబడనట్టు చీపురు తీసుకుని బుర్రముక్కలు ఊడ్చింది. అటుబిగ అని పిలిచింది. అప్పుడు అర్థమైంది, ప్రాణబుర్ర పగిలిన మనిషి పిలిస్తే పలకరు. తనే నడుచుకుంటూ వాకిలి దాటి, పందిరి కిందికి వెళ్ళి, అలామిసి కూర్చున్నచోటే కూర్చుంది. పుట్టింటికి పోవచ్చు, పోనిస్తారు. కానీ ఇక్కడ కూర్చుంటే పిల్లలు ఆడుకోవడం కనిపిస్తుంది.

ఎండ ఎక్కింది. గాలికి గొంతు పిడచగట్టింది. అటాని అమ్మ ఎక్కడుందో వెతికి వెతికి కనిపెట్టి, ఇంట్లో కుండలో చిప్ప ముంచి, రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు ఒలికించుకుంటూ వాకిలి దాకా వచ్చింది. లరిబా ఎక్కడినుంచో వచ్చి దాన్ని ఆపింది. కోప్పడలేదు. చేతిలో చిప్ప మెల్లిగా తీసుకుని, గుంజ దగ్గరున్న నీలం గ్లాసు దులిపి, అందులో ఆ నీళ్ళు వంచి పిల్ల చేతికిచ్చింది.

అటాని గ్లాసు తెచ్చి అమ్మకిచ్చింది. అజుపోక దాన్ని చేతుల్లో పట్టుకుని కాసేపు కూర్చుంది. పిల్ల ఎదురుగా నిలబడి, తాగుతుందా లేదా అని చూస్తోంది. అజుపోక నీళ్ళన్నీ తాగి, గ్లాసు తిరిగి ఇచ్చింది.